ఫ్రాంక్ మేయర్ ఉత్తరాలు: నిమ్మ, బత్తాయి తోటలున్న మన జిల్లాల వాళ్ళు చదవాల్సిన కాగితాలు

దేవరకొండ_బోటనీ రాశారు:

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. దేశాలు తిరిగి మొక్కలు సేకరించిన వాళ్ళ కాగితాలు దొరికితే వదలకుండా చదువుతాను. ఇప్పుడు చదువుతున్నవి ఫ్రాంక్ మేయర్ ఉత్తరాలు. తోటల మీద బతికే మన ప్రాంతంలో ఈయన గురించి మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మేయర్ 1875లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. డబ్బున్న ఇల్లు కాదు. పద్నాలుగేళ్ళకే అక్కడి బొటానికల్ గార్డెన్‌లో తోటమాలికి చేతికింద పనికి కుదిరాడు. ఆ తోట పెద్ద హ్యూగో డీ వ్రీస్. మన ఇంటర్ పుస్తకంలో ఉత్పరివర్తన సిద్ధాంతం దగ్గర వచ్చే డీ వ్రీసే. ఆయన ఈ కుర్రాడి శ్రద్ధ చూసి తన సహాయకుడిగా పెట్టుకున్నాడు, భాషలు నేర్చుకొమ్మని ప్రోత్సహించాడు. డిగ్రీ ఏమీ లేదు. 1901లో ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. వ్యవసాయ శాఖలో, కాలిఫోర్నియాలో, సెయింట్ లూయీలో తోట పనులు చేశాడు. మధ్యలో మెక్సికోలో కాలినడకన తిరిగి వచ్చాడు.

విదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించడానికి అమెరికా వ్యవసాయ శాఖ 1898లో ఒక విభాగం పెట్టింది. దాన్ని నడిపిన డేవిడ్ ఫెయిర్‌చైల్డ్‌కు చైనా లోపలి ప్రాంతాల్లో నడిచి తిరగగలిగే మనిషి కావాల్సి వచ్చింది. అలా 1905లో మేయర్ వెళ్ళాడు. మొత్తం 4 యాత్రలు: 1905 నుంచి 1908 దాకా ఉత్తర చైనా, మంచూరియా, కొరియా, సైబీరియా, 1909 నుంచి 1912 దాకా కాకసస్, తుర్కిస్తాన్, మళ్ళీ సైబీరియా, 1912 నుంచి 1915 దాకా చైనాలో గన్సూ వరకు, 1916లో బయల్దేరిన చివరి యాత్ర నుంచి తిరిగి రాలేదు. 1918 జూన్ 1 రాత్రి యాంగ్జీ నదిలో పోతున్న ఓడ మీంచి మాయమయ్యాడు. కొద్ది రోజులకు శవం దొరికింది. పడిపోయాడా, దూకాడా, ఎవరైనా తోశారా అన్నది తేలలేదు. 42 ఏళ్ళ వయసు.

ఆయన పంపిన మొక్కలు, విత్తనాలు దాదాపు 2,500. సోయాబీన్ రకాలే నలభైకి పైగా. సంఖ్య పెద్దదే కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. పంపిన ప్రతి దానితో పాటు ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, నేల ఎలాంటిది, చలికి తట్టుకుంటుందా, అక్కడి జనం దాన్ని ఎలా తింటారు, ఎలా అంటు కడతారు, అన్నీ రాసేవాడు. వాషింగ్టన్ చేరగానే దానికి ఒక నంబరు పడేది. ఆ నంబరుతో, ఆయన రాసిన వివరంతో పట్టికలు అచ్చేసేవాళ్ళు. వందేళ్ళ తర్వాత కూడా ఒక చెట్టు ఎక్కడ నుంచి వచ్చిందో నంబరు పట్టుకుని వెనక్కి పోవచ్చు. మన బత్తాయి తోటల్లో ఇలా వెనక్కి పోగలిగే చెట్లు ఎన్ని ఉన్నాయి?

నకిరేకల్_నిమ్మ రాశారు:

మేడం, మేయర్ నిమ్మ అని ఫోన్‌లో వంటల వీడియోల్లో వింటుంటాను. ఈ మేయర్ పేరేనా అది? ఊళ్ళో మేయర్ అనే పదవి ఏమో అనుకున్నా ఇన్నాళ్ళు. మా నకిరేకల్ మార్కెట్‌కు ఆ కాయ వస్తే ఎవరన్నా కొంటారా?

దేవరకొండ_బోటనీ రాశారు:

ఆయన పేరే అన్నా. 1908లో బీజింగ్ దగ్గర ఫెంగ్‌తాయ్ అనే చోట కుండీలో అలంకారానికి పెంచుతున్న చెట్టు అది. దానికి పడిన నంబరు 23028. అసలు నిమ్మ కాదు, సంకరం. దబ్బ జాతికీ, కమలా–పంపర పనస సంకరానికీ పుట్టింది. పైతొక్క పలచన, పులుపు తక్కువ, పండితే నారింజ రంగు తిరుగుతుంది. మన కాగ్జీ నిమ్మతో పోటీకి రాదు. తొక్క పలచన కాబట్టి బస్తాల్లో వేసి లారీ ఎక్కిస్తే నలిగిపోతుంది. అమెరికాలో కూడా అది ఎక్కువగా పెరటి చెట్టే.

అంటుకత్తి (కొండమల్లేపల్లి) రాశారు:

నర్సరీ నడుపుతాను. మా నాన్న కాలం నుంచి బత్తాయి అంట్లు కడుతున్నాం. ఈ మేయర్ నిమ్మ గురించి నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తా. మా దగ్గర శిక్షణకు వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన చెప్పాడు, అప్పటి నుంచి మర్చిపోలేదు.

ఆ చెట్టు చూడటానికి నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల ట్రిస్టిజా వైరస్ ఉంటుంది. తనకు ఏమీ కాదు, పక్క చెట్లకు అంటిస్తుంది. పుల్లనారింజ వేరు మీద అంటు కట్టిన బత్తాయి, కమలా చెట్లకు ఆ వైరస్ తగిలితే నిలువునా ఎండిపోతాయి. 1930లు, 40లలో బ్రెజిల్, అర్జెంటీనాలో లక్షల చెట్లు అలా పోయాయి. 1940లలో కాలిఫోర్నియా వాళ్ళు పరీక్షించి చూస్తే మేయర్ నిమ్మ చెట్లలో చాలావాటికి ఈ వైరస్ ఉన్నట్టు తేలింది. పీకించారు, అమ్మకం ఆపించారు. తర్వాత 1950లలో వైరస్ లేని ఒక చెట్టు దొరికితే దాన్నుంచి పెంచి, పరీక్షలన్నీ అయ్యాక 1975లో మెరుగైన మేయర్ నిమ్మ అని విడుదల చేశారు.

మనం రంగపూర్ నిమ్మ వేరు మీద సాత్గుడి బత్తాయి కట్టేది ఎందుకంటే, ఆ వేరు ట్రిస్టిజాకు తట్టుకుంటుంది, నీటి ఎద్దడికి కూడా కొంత ఓర్చుకుంటుంది. వేరు మంచిదైనంత మాత్రాన సరిపోదు. మొగ్గ తీసుకున్న తల్లి చెట్టు ఏదన్నది అసలు ప్రశ్న. కొంతమంది ఏ తోటలో కాయ బాగుంటే ఆ తోటలోంచి పుల్ల తెచ్చి కట్టేస్తారు. చెట్టు పచ్చగా ఉందంటే లోపల బాగున్నట్టు కాదు.

నకిరేకల్_నిమ్మ రాశారు:

అన్నా, ఇది నా తోటలోనే జరిగింది. దూరం జిల్లాలో ఒక నర్సరీ నుంచి బత్తాయి అంట్లు తెచ్చి పెట్టాను. నాలుగో ఏడు పిందె నిలిచింది, ఆరో ఏటికి కొమ్మ కొసలు ఎండటం మొదలైంది. రశీదు మీద మొక్కల సంఖ్య, డబ్బు తప్ప ఏమీ లేదు. తల్లి చెట్టు ఎక్కడిది అని ఫోన్ చేసి అడిగితే కోపం చేశారు. సగం పీకేసి నిమ్మ పెట్టుకున్నా. బోరు ఎండి చెట్లు పోతే కరువు అనుకుంటాం. ఇది కరువు కాదు కదా.

రిటైర్డ్_హెచ్ఓ (నల్లగొండ) రాశారు:

ఉద్యాన శాఖలో పని చేసి విరమించాను. నకిరేకల్ తమ్ముడు చెప్పిన కొసల ఎండుకు కారణాలు చాలా ఉంటాయి. వేరు కుళ్ళు, బంక కారడం, నులిపురుగులు, జింకు లోపం, నీరు నిలవడం, వైరస్, అన్నీ ఒకే రకంగా కనబడతాయి. పరీక్ష చేయించకుండా ట్రిస్టిజా అని తేల్చకండి. కొండమల్లేపల్లిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన స్థానం ఉంది, ఆకులు తీసుకెళ్ళి చూపించండి.

ఒక విషయం మాత్రం మీకు నచ్చుతుంది. ఇప్పుడు ప్రయోగశాల పరీక్షలు వచ్చాయి కానీ, చాలా కాలం ప్రపంచమంతా ట్రిస్టిజాను పట్టుకోవడానికి వాడింది మీ కాగ్జీ నిమ్మనే. అనుమానం ఉన్న చెట్టు మొగ్గ తెచ్చి చిన్న నిమ్మ మొక్కకు అంటు కడతారు. వైరస్ ఉంటే కొత్త ఆకుల్లో ఈనెలు అక్కడక్కడ తేలిపోయి, వెలుతురుకు పట్టి చూస్తే అద్దంలా కనిపిస్తాయి. పెద్ద చెట్టు దాచిన రోగాన్ని చిన్న నిమ్మ మొక్క బయటపెడుతుంది. ట్రిస్టిజాను ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసేది నల్ల పేనుబంక. లేత చిగురు మీద దాన్ని నిర్లక్ష్యం చేయొద్దు.

పాతకాగితం (మేరీలాండ్, సొంతూరు మిర్యాలగూడ) రాశారు:

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. గ్రంథాలయాల్లో పాత పత్రాలు సర్దే ఉద్యోగం నాది. మేయర్ కాగితాలు ఇక్కడ మా దగ్గర్లోనే, బెల్ట్స్‌విల్‌లో జాతీయ వ్యవసాయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు కొన్ని బోస్టన్‌లో ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే చెట్ల తోట వాళ్ళ దగ్గర ఉన్నాయి. అక్కడి సార్జెంట్ అనే పెద్దాయనకు చెట్ల ఫొటోలు, కలపజాతుల విత్తనాలు కావాలి. వ్యవసాయ శాఖకు పంట మొక్కలు కావాలి. ఇద్దరి పనీ మేయర్ నెత్తిన పడింది.

మేయర్ చేత్తో రాసి పంపిన ఉత్తరాలను ఆఫీసులో టైపు చేసి సంపుటాలుగా కట్టారు. చివరి యాత్ర టైపు ప్రతిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టారు. దాని మీద ఉన్న తేదీలు చూడండి: 1916 జూలై 25 నుంచి 1918 సెప్టెంబరు 21. మనిషి పోయింది జూన్‌లో. పోయిన తర్వాత కూడా కాగితాలు నడిచాయి.

ఆ సంపుటం నేను కాస్త ఓపిక పట్టి చదివాను. మొదట్లో పనిలో హుషారు ఉంటుంది. అమెరికాలో పేరీ (పియర్ పండు) తోటలను అప్పట్లో ఒక బ్యాక్టీరియా తెగులు మాడ్చేస్తోంది. దానికి తట్టుకునే అడవి పేరీ వేరు కోసం ఆయన వెళ్ళాడు. కాలరీ పేరీ అనే జాతి విత్తనాలు బస్తాల లెక్కన కావాలని అడిగారు. చెరువుల పక్క, రాళ్ళ గుట్టల మీద, వెదురు నీడన, ఎక్కడ పడితే అక్కడ బతికే మొండి చెట్టు అది. తర్వాత చైనాలో అంతర్యుద్ధం వల్ల ఈచాంగ్ అనే ఊళ్ళో నెలల తరబడి చిక్కుకుపోయాడు. బయటికి కదలడానికి లేదు. యూరప్‌లో మహాయుద్ధం నడుస్తోంది, ఇంటి నుంచి కబురు సరిగా రావడం లేదు. నిద్ర పట్టడం లేదని, పని మీద మనసు నిలవడం లేదని రాయడం పెరుగుతుంది. మొక్కల వివరాలు మాత్రం చివరిదాకా తగ్గలేదు.

ఆయన వీలునామాలో 1,000 డాలర్లు ఆఫీసు సిబ్బందికి రాశాడు. వాళ్ళు ఆ డబ్బును పంచుకోలేదు. మేయర్ పతకం అని చేయించి, మొక్కలు తెచ్చి నాటే పనిలో గొప్ప సేవ చేసిన వాళ్ళకు 1920 నుంచి ఇస్తూ వచ్చారు.

బాలానగర్_సీతాఫలం (పాలమూరు) రాశారు:

చదువుతుంటే గుండె బరువెక్కింది. అంత దూరం పోయి, ఒంటరిగా.

మాది బాలానగర్ దగ్గర. మా ఊరి పేరుతోనే సీతాఫలం రకం ఉంది, దేశమంతా అంట్లు పోతాయి. సీతాఫలం అసలు అమెరికా ఖండాల పండు అని చదివాను. సముద్రం దాటి వచ్చి మా గుట్టల్లో కలిసిపోయింది, ఇప్పుడు ఎవరూ నాటకపోయినా మొలుస్తుంది. దసరా రోజుల్లో హైవే పక్కన గంపలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళ ఇంటి ఖర్చు దాని మీదే. ఇలాంటి పండుకు తేదీ, ఊరు, చెట్టు ఉన్న గుట్ట పేరు రాసిన కాగితం మా ఇళ్ళలో ఒక్కటి కనబడదు. అందుకే మేడం మొదట్లో అడిగిన ప్రశ్న నాకు బాగా తగిలింది.

మేయర్ రేగుపండ్లు కూడా పంపాడా? మా వైపు రేగు వడలు పెట్టుకుంటాం కాబట్టి అడుగుతున్నా.

దేవరకొండ_బోటనీ రాశారు:

పంపాడండీ. చైనా రేగు మన రేగుకు దాయాది జాతి, ఆకు రాల్చి మంచు కాలం తట్టుకుంటుంది. లీ, లాంగ్ అనే రెండు రకాలు ఆయన ద్వారానే అమెరికా చేరాయి, ఇప్పటికీ అక్కడ నర్సరీల్లో అవే ముందు వరసలో ఉంటాయి. అక్కడి జనం పండును ఎలా ఎండబెడతారో, చెక్కెర పాకంలో ఎలా నిల్వ చేస్తారో కూడా పంపించాడు. ఆ పద్ధతి కూడా చేరకపోతే కొత్త దేశంలో ఆ పండును ఏం చేసుకోవాలో ఎవరికి తెలుస్తుంది?

అచ్చంపేట_పరిశోధకుడు రాశారు:

నాకు వేరే వైపు నుంచి చెప్పాల్సింది ఉంది. మేయర్ గొప్పవాడే, కాదనను. కానీ ఇంకో దేశపు రైతులు వందల ఏళ్ళు ఎంచి పెంచిన రకాలు బస్తాలకు ఎత్తుకుపోయి నంబరు వేసుకోవడం ఎవరికి లాభం? ఆ రైతుల పేర్లు ఆ పట్టికల్లో ఉన్నాయా? ఆయనతో పాటు మంచులో నడిచిన దుబాసీలు, మూటలు మోసిన కూలీలు ఏమయ్యారు?

నేను అమ్రాబాద్ అడవిలో చెంచు పెద్దల దగ్గర కూర్చుని దుంపల గురించి, బంక చెట్ల గురించి రాసుకుంటున్నాను. నా థీసిస్‌లో వాళ్ళ పేరు ఎక్కడ పెట్టాలి అన్నది నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఇప్పుడు 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మేయర్ కాలంలో ఏ అడ్డూ లేదు.

ఇంకోటి. ఆయన పంపిన వాటిలో అన్నీ మేలు చేయలేదు. కాలరీ పేరీ ఇప్పుడు అమెరికాలో పొలాల గట్ల మీద ముళ్ళ పొదలై విస్తరిస్తోంది. ఒహాయో రాష్ట్రం 2023 నుంచి దాని అమ్మకాన్ని నిషేధించింది. మన సర్కారు తుమ్మ కథ మనకు తెలుసు. పచ్చదనం కోసం తెచ్చారు, ఇప్పుడు పాలమూరు చెరువు శిఖాల్లో అడుగు పెట్టనివ్వదు.

పాతకాగితం రాశారు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను చదివిన పుటల్లో ఊరి పేరు, లోయ పేరు, ఎత్తు, నేల ఉంటాయి. రైతు పేరు అరుదుగా కూడా కనబడలేదు. దుబాసీలతో ఆయనకు గొడవలు కూడా అయ్యాయి. గన్సూలో టిబెట్ సరిహద్దు దగ్గర దుబాసీ ఇక ముందుకు రానని భీష్మించాడు. ప్రాణభయం అతనికి ఉండదా? ఆ మనిషి వైపు కథ చెప్పే కాగితం మాత్రం ఏ పెట్టెలోనూ లేదు. పత్రాలు సర్దేటప్పుడు నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే.

పేరు పెట్టిన వాళ్ళూ ఉన్నారు. రాబర్ట్ వైట్ అనే స్కాట్లాండ్ డాక్టర్ 1819లో మద్రాసు వచ్చి 1853 దాకా ఉన్నాడు. ఆయన దగ్గర మొక్కల బొమ్మలు గీసింది రంగయ్య, ఆ తర్వాత గోవిందు. బొమ్మల మీద వాళ్ళ పేర్లు ఉన్నాయి. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు కూడా పెట్టాడు. ఆ బొమ్మలు ఎడిన్‌బరోలో, క్యూ గార్డెన్స్‌లో భద్రంగా ఉన్నాయి. అంటే ఆ కాలంలోనూ తలుచుకుంటే పేరు రాయడం కష్టం కాదు.

రిటైర్డ్_హెచ్ఓ రాశారు:

అచ్చంపేట బాబు చెప్పిన దానికి నా వైపు నుంచి ఒక జవాబు. 1904లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో చెస్ట్‌నట్ చెట్లు చచ్చిపోవడం చూశారు. ఒక శిలీంధ్రం. 50 ఏళ్ళలో అమెరికా తూర్పు అడవుల్లో వందల కోట్ల చెట్లను మట్టుబెట్టింది. అది ఎక్కడిదో తెలియక కొట్టుకుంటుంటే, చైనాలో చూడమని మేయర్‌కు చెప్పారు. 1913లో ఆయన చైనా చెట్ల మీద దాన్ని కనిపెట్టి ముక్క పంపాడు. అక్కడి చెట్లకు మచ్చలు పడుతున్నాయి కానీ చావడం లేదని గమనించి రాశాడు. జబ్బు పుట్టిల్లు, దానికి తట్టుకునే చెట్టు, రెండూ ఒకే చోట దొరికాయి. చైనా చెస్ట్‌నట్‌తో సంకరం చేసి నిలబెట్టాలన్న ప్రయత్నం ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది.

కాబట్టి మొక్కలు తెచ్చే పని, రోగాలను ఆపే పని ఒకే ఇంట్లో ఉండాలి. అమెరికాలో 1912లో మొక్కల క్వారంటైన్ చట్టం వచ్చినప్పుడు ఈ రెండు పక్షాల మధ్య పెద్ద పోరు నడిచింది. ఫెయిర్‌చైల్డ్ ఒక వైపు, మార్లట్ అనే కీటక శాస్త్రవేత్త ఇంకో వైపు. నా ఉద్యోగ కాలమంతా చూసిన వాడిగా చెప్తున్నా, నాకు మార్లట్ భయమే న్యాయంగా తోస్తుంది. మన రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పరిశోధనకు విదేశాల నుంచి వచ్చే విత్తనాన్ని పరీక్షించే పని అక్కడ జరుగుతుంది. మన దేశంలో సేకరించిన దానికి ఐసీ నంబరు, బయటి నుంచి వచ్చిన దానికి ఈసీ నంబరు ఇస్తారు. ఆ నంబరు పడిన విత్తనానికి ఊరు, తేదీ, సేకరించిన వాళ్ళ పేరు ఉంటాయి. మేయర్ 23028 లాంటిదే అది.

అంటుకత్తి రాశారు:

సార్, నాకు ఒక అనుమానం. ఉత్తర చైనా నుంచి వాషింగ్టన్ దాకా పచ్చి పుల్ల ఎలా బతికింది? మేం నల్లగొండ నుంచి అనంతపురం పుల్ల తీసుకుపోవాలంటేనే తడి గోనె, అరటి పట్ట, తెల్లవారుజామున ప్రయాణం.

పాతకాగితం రాశారు:

శీతకాలంలో చెట్టు నిద్రలో ఉన్నప్పుడే పుల్ల కోసేవాడు. తడి నాచులో చుట్టి, నూనె కాగితంలో కట్టి పంపేవాళ్ళు. రైలు, ఓడ, వారాల ప్రయాణం. కొన్ని ఎండిపోయేవి, కొన్ని బూజు పట్టేవి. పోయిందని తెలిస్తే మళ్ళీ అదే ఊరికి పోయి మళ్ళీ కోసేవాడు. మీ వృత్తి వాళ్ళకు నచ్చే సంగతి ఇంకోటి: ఫెయిర్‌చైల్డ్ తన కుర్రతనంలో, 1894లో, కోర్సికా ద్వీపంలో దబ్బ పుల్లలు సంపాదించి బంగాళాదుంపల్లో గుచ్చి పంపాడు. దుంపలో తడి ఉంటుంది, పుల్ల ఎండదు.

అంటుకత్తి రాశారు:

బంగాళాదుంప! రేపే చేసి చూస్తా.

దేవరకొండ_బోటనీ రాశారు:

పరాయి దేశం నుంచి వచ్చి తెలుగు నేల మీదే ప్రాణం విడిచిన సేకర్త కూడా ఒకరున్నారు. యోహాన్ గెర్హార్డ్ కోయినిగ్. బాల్టిక్ తీరం మనిషి, మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతి నిలబెట్టిన లిన్నేయస్‌కు శిష్యుడు. 1768లో తరంగంబాడి మిషన్‌కు డాక్టరుగా వచ్చాడు, ఆర్కాట్ నవాబు దగ్గర పని చేశాడు, తర్వాత ఈస్టిండియా కంపెనీలో చేరాడు. 1785లో కాకినాడ పక్క జగన్నాథపురంలో పోయాడు. దగ్గర్లో సామర్లకోటలో ఉన్న డాక్టర్ రాక్స్‌బరో ఆ పనిని ముందుకు తీసుకెళ్ళాడు. కోయినిగ్ కాగితాలు లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు వెళ్ళాయి.

మనం రోజూ పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామం మురయా కోయినిగీ. ఈయన పేరే అది. కరివేపాకు, నిమ్మ, బత్తాయి ఒకే కుటుంబం. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నూనె చుక్కలు కనిపిస్తాయి, పిల్లలకు తరగతిలో చూపిస్తాను.

రిటైర్డ్_హెచ్ఓ రాశారు:

బత్తాయి తోట గట్టు మీద కరివేపాకు పెట్టొద్దని చెప్పేది కూడా ఆ బంధుత్వం వల్లే. సిల్లా పురుగు కరివేపాకు చిగురు మీద బతుకుతుంది. బత్తాయిలో గ్రీనింగ్ తెగులు మోసేది ఆ పురుగే.

బాలానగర్_సీతాఫలం రాశారు:

సార్, మీ దగ్గర పాత రిజిస్టర్లు ఏమన్నా ఉన్నాయా? ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి రాసుకున్నవి?

రిటైర్డ్_హెచ్ఓ రాశారు:

ఉన్నాయి. ఆఫీసు రిజిస్టర్లు ఆఫీసులోనే ఇచ్చేశాను. నా సొంత డైరీలు ఇంట్లో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఎవరి తోట, ఏ వేరు మీద కట్టింది, ఎప్పుడు కాపుకొచ్చింది, ఏ ఏడు బోరు ఎండింది, ఏ చెట్టు కాయ రుచి బాగుందని పక్క రైతులు పుల్ల అడిగారు, ఇవన్నీ రాశాను. వానల లెక్క కూడా. సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగి రాసినవి. నేను పోయాక కిలోల లెక్కన అమ్ముడుపోతాయని మా ఇంటావిడ భయం. మేయర్ ఉత్తరాల ముందు ఇవి ఎంత అనుకుని ఎవరికీ చూపలేదు.

దేవరకొండ_బోటనీ రాశారు:

సార్, దయచేసి అలా అనకండి! మేయర్ చైనాలో చేసిన పని ఇదే, మీరు మన జిల్లాలో చేశారు. మా కాలేజీ పిల్లలు కొందరిని తీసుకుని మీ ఇంటికి వస్తాను. ప్రతి పుటా ఫోన్‌తో స్కాన్ చేద్దాం. మీరు పక్కన ఉండి మీ చేతిరాత విప్పి చెప్పాలి. అంటుకత్తి అన్నా, మీ నాన్నగారి కాలం నర్సరీ పుస్తకాలు ఉంటే అవీ పట్టుకురండి.

అంటుకత్తి రాశారు:

నాన్న రాసింది అప్పు ఖాతా. ఎవరికి ఎన్ని అంట్లు, ఎంత బాకీ. అది కూడా పనికొస్తుందా?

పాతకాగితం రాశారు:

తప్పకుండా పనికొస్తుంది. ఫలానా ఊరికి ఫలానా ఏడు మీ అంట్లు వెళ్ళాయని అందులో ఉంది కదా. ఆ ఊళ్ళో చెట్టు ఇంకా బతికి ఉంటే దాని వయసు, తల్లి, రెండూ తెలుస్తాయి.

పని మొదలుపెట్టే ముందు కొన్ని మాటలు. పుటలు విప్పదీయొద్దు, డైరీ డైరీగానే ఉంచండి. స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీయండి, టేపు మాత్రం వేయొద్దు. ఫైలు పేరులో డైరీ ఏడాది, పుట సంఖ్య పెట్టండి. ఊరి పేరు ఆయన ఎలా రాస్తే అలాగే ఎక్కించండి, ఇప్పటి పేరు పక్కన రాయండి. మండలాలు, జిల్లాలు మారాయి కాబట్టి పాత జిల్లా పేరు కూడా ఉండాలి. అసలు డైరీలు చివరికి ఎక్కడ పెడతారో ఇప్పుడే అనుకోండి. విశ్వవిద్యాలయం గ్రంథాలయమా, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ తీసుకుంటుందా, అడిగి చూడండి. స్కాన్ ఉంటే చాలదు, కాగితం కూడా ఉండాలి.

అచ్చంపేట_పరిశోధకుడు రాశారు:

నేను కూడా వస్తాను. రైతుల పేర్లు వదలకుండా ఎక్కించే పని నాకు ఇవ్వండి.

రిటైర్డ్_హెచ్ఓ రాశారు:

అందరూ రండి. ఒక షరతు ఉంది. కొన్ని పుటల్లో రైతుల సర్వే నంబర్లు, అప్పుల సంగతి, ఇంటి తగాదాలు కూడా రాసి ఉన్నాయి. నమ్మి చెప్పారు, రాసుకున్నాను. అవి ఇంటర్నెట్‌లో పెట్టకూడదు.

పాతకాగితం రాశారు:

సరైన షరతు సార్. ఆర్కైవ్స్‌లో అందరం పాటించేది అదే. అలాంటి పుటలకు వేరే ఫోల్డర్ చేసి, ఏ ఏడు తర్వాత తెరవచ్చో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. మిగతావి పెట్టుకోవచ్చు. రైతు పేరు బయట పెట్టే ముందు వాళ్ళను గానీ వాళ్ళ పిల్లలను గానీ అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. తెల్ల కాగితం మీద ఒప్పుకోలు నమూనా రాసి మేడంకు పంపుతున్నాను.

నకిరేకల్_నిమ్మ రాశారు:

మా నాన్న పేరు ఆ డైరీల్లో ఉంటే పెట్టుకోండి సార్, నేను ఒప్పుకుంటున్నా. నకిరేకల్ పుటలు ముందు చూడండి. మా పాత నిమ్మ చెట్లు రెండు ఇంకా కాస్తున్నాయి, ఆకులు కావాలంటే కోసి తెస్తా.